పదకొండు కుండీల నాచు

2024 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. భయం నాకు అప్పుడు మొదలైంది.

కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, బాల్కనీలో నాచు కుండీలకు నీళ్ళు పోద్దామని వెళ్ళాను. పోసేముందు తేదీ వేయడం నా అలవాటు. నోటుబుక్కు తెరిచాను. తేదీ వేసి ఉంది. పక్కన 6.50 అని సమయం ఉంది. ఆ పక్కన 11 × 20 = 220 అని ఉంది. అంటే పదకొండు కుండీలకు, కుండీకి ఇరవై మిల్లీలీటర్ల చొప్పున, రెండువందల ఇరవై మిల్లీలీటర్లు పోసేశానని.

రాత నాదే. రెండు అంకె తోకను పైకి తిప్పి రాయడం ఉద్యోగంలో చేరిన కొత్తలో అలవాటైంది, ఇప్పటికీ పోలేదు. ఆ లెక్కలో మూడు రెళ్ళున్నాయి, మూడింటికీ తోకలు పైకే ఉన్నాయి.

వేలితో మొదటి కుండీ తాకాను. తడిగా ఉంది. పదకొండో కుండీ దాకా అన్నీ తాకాను. అన్నీ తడే. అయినా నమ్మకం కుదరక నీళ్ళ సీసా తెచ్చి కొలిచాను. ముందురోజు సాయంత్రం లీటరు నిండా పట్టి పెట్టిన సీసా. దగ్గు మందుతో వచ్చే మూత పది మిల్లీలీటర్లు పడుతుంది. దానితో కొలుస్తూ ఒక గిన్నెలోకి వంచాను. డెబ్బై ఎనిమిది మూతలొచ్చాయి. ఏడువందల ఎనభై. పోయింది రెండువందల ఇరవై. లెక్క సరిపోయింది.

సరిపోకపోతే బాగుండేదనిపించడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆరూ యాభైకి నేను బాల్కనీలో కూర్చుని ఇరవై రెండు మూతల నీళ్ళు పోశాను, రాశాను, లేచి లోపలికి వెళ్ళాను. అందులో ఒక్క మూత కూడా నాకు జ్ఞాపకం లేదు.

ఇంకెవరికైనా అయితే ఇది పెద్ద విషయం కాదు. నాకు ఎందుకు పెద్దదైందో చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి.

అక్క నాకన్నా ఐదేళ్ళు పెద్ద. బావగారు పోయాక నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరం ఈ మూడో అంతస్తు ఫ్లాటులో ఉండేవాళ్ళం. 2019 జనవరిలో, తనకు డెబ్బై ఒకటి నిండిన నెలలో, ఒక రోజు పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. నవ్వుకున్నాం. మరో వారానికి నేను పేపరు చదువుకుంటుంటే వచ్చి, “ఏమే, ఇవాళ ఆఫీసు లేదా నీకు?” అంది. నేను రిటైరై అప్పటికి ఎనిమిదేళ్ళు. అప్పుడు నవ్వలేదు. ఆ తరవాత మూడు సంవత్సరాల తొమ్మిది నెలలు తనను చూసుకున్నాను. ఏ నెలలో ఏది పోయిందో రాసి పెట్టాను. ముందు వారాల పేర్లు, తరవాత వంటింటి దారి, ఆ తరవాత నా పేరు. 2022 అక్టోబరులో అక్క పోయింది.

2024 జనవరిలో నాకు డెబ్బై ఒకటి నిండాయి.

అందుకని ఆ సోమవారం బాల్కనీలో ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాను. పనిమనిషి వచ్చి బెల్లు కొట్టేదాకా లేవలేదు. ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నది కూడా అక్కడే. చెబితే ఆ క్షణం నుంచి వాళ్ళు నన్ను చూసే చూపు మారుతుంది. అక్కను నేను అలా చూశాను కాబట్టి నాకు తెలుసు.

నాచు సంగతి కూడా చెప్పాలి. మాది ఉత్తరం వైపు బాల్కనీ. పక్క స్థలంలో ఐదంతస్తుల భవనం లేచాక ఎండ బొత్తిగా పోయింది. తులసి చచ్చింది, మల్లె చచ్చింది, దేనికీ లొంగదనుకున్న కలబంద కుళ్ళింది. కుండీలన్నీ ఖాళీ చేసి మూలకు పెట్టాను. ఏసీ గొట్టం నుంచి నీళ్ళు కారే చోట మాత్రం గచ్చు మీద పచ్చగా పట్టేది. వారానికోసారి కొబ్బరిపీచుతో రుద్ది కడిగేదాన్ని.

2023 జులై 14 శుక్రవారం కూడా పీచు పట్టుకునే కూర్చున్నాను. అక్క పోయి తొమ్మిది నెలలు. చేతులకు పని లేక దేన్నయినా తదేకంగా చూసే రోజులు. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను కాబట్టి ఆ పచ్చదనంలో వెంట్రుకల్లాంటి కాడలు, ఒక్కో కాడ చివర ఆవగింజలో సగం ఉండే గింజలు కనిపించాయి. పీచు పక్కన పెట్టాను. అట్లకాడతో ఒక చెక్కు లేపి, పెరుగు తెచ్చుకున్న మట్టి ముంతలో ఎర్రమట్టి పరిచి, దాని మీద అద్దాను.

అంతకు ముందు నాచంటే నాకు ద్వేషమే. ఇరిగేషన్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు కాలువల గేజీ రీడింగులు రాసిన మనిషిని. లాకుల దగ్గర నీటిమట్టం చూపే గేజీ రాయి మీద అడుగులూ అంగుళాలూ చెక్కి ఉంటాయి. దాని మీద పాచి పడితే అంకె కనపడదు. కాలువ కాపలా చూసే లస్కరు పొద్దున్నే గోనెసంచి ముక్కతో తుడిచి, చూసి, ఫోను చేసి చెప్పేవాడు. ఏ రోజు రీడింగు అనుమానంగా ఉన్నా నేను ముందు అడిగేది ఒకటే: “పాచి గీకి చూశావా?” అని. అలాంటిదాన్ని ఇప్పుడు దాన్నే పెంచడం మొదలుపెట్టాను.

పెంచడం తేలికని అనుకున్నాను. మునిసిపల్ నీళ్ళు పోస్తే ఎనిమిదో రోజుకి కొసలు గోధుమరంగుకి తిరిగాయి, పైన తెల్లటి పొర కట్టింది. పల్చటి మజ్జిగ చల్లితే బాగా పడుతుందని ఎవరో అన్నారు. చల్లితే బూజు పట్టి ఒక ముంత మొత్తం పోయింది. వాననీళ్ళు సరిపడ్డాయి. వాన లేని రోజుల్లో ఏసీ గొట్టం కింద సీసా పెట్టి పట్టిన నీళ్ళు. మట్టిని వేళ్ళతో కాదు, గరిటె వెనకభాగంతో గట్టిగా అదమాలి. ఎరువు వేయకూడదు. కుండీకి ఉదయం రెండు మూతల నీళ్ళు. ఇవన్నీ తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

జాతుల పేర్లు నాకు తెలియవు. దొరికిన చోటును బట్టి రాసుకున్నాను. ఏసీ గొట్టం కిందిది మూడు కుండీలు. ఏలూరు కాలువ గట్టున పాత ఇటుక గోడది నాలుగు. ఇబ్రహీంపట్నంలో మా పిన్ని కూతురి ఇంటి ప్రహరీది రెండు. వన్ టౌన్‌లో మూతపడిన ఒక గోదాం చూరు కింద దొరికింది ఒకటి. పదకొండోది కుండీ కాదు, అక్క ఆయుర్వేదం గుళికలు నూరుకునే చిన్న రాతి కల్వం. దాన్ని బాల్కనీలో పెట్టి మరిచిపోతే దాని గుంటలో నాచు దానంతట అదే వచ్చింది.

మా తమ్ముడికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపుంది. ప్రతి ఆదివారం వస్తాడు. మొదటిసారి చూసినప్పుడు పడీ పడీ నవ్వాడు.

“ఏంటక్కా, పాచి పెంచుతున్నావా?”

“పాచి కాదురా, నాచు.”

“నాచు చెరువులో ఉంటది. గోడకి పట్టేది పాచి. బెజవాడ మొత్తం మీద పాచికి నీళ్ళు పోసే మనిషిని నిన్నొక్కదాన్నే చూశా.”

“పాచి అంటే పొద్దున్న లేచిన నోరు. పాచిపని అంటే పనిమనిషి చేసే పని. ఇది నాచు. ఈ ఇంట్లో దీని పేరు అదే.”

“సరే తల్లీ. నాచు రాణిగారికి దణ్ణం.”

అన్నాడే గాని ఎప్పుడూ పాచి అనే అనేవాడు, నన్ను ఉడికించడానికి. మా పనిమనిషి తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. ఆ అమ్మాయి ఏ పేరూ పెట్టకుండా “మీ ముంతలు” అనేది. బాల్కనీ నేనే ఊడ్చుకునేదాన్ని, తనను అటు పోనిచ్చేదాన్ని కాదు.

ఫిబ్రవరి 12 తరవాత నేను నన్ను కాపలా కాయడం మొదలుపెట్టాను. నిద్ర లేవగానే పదిహేడో ఎక్కం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చెప్పుకునేదాన్ని. కాలువల మీద లాకుల పేర్లు వరసగా రాసేదాన్ని. గ్యాసు కట్టేసి, కట్టేశానని రాసి, రాసింది చూసుకుని, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి చూసేదాన్ని. ఎక్కాలు ఒక్కసారి కూడా తప్పలేదు. దానివల్ల ధైర్యం రాలేదు. అక్క కూడా చివరి ఏడాది వరకూ స్తోత్రాలు తప్పు పోకుండా చదివింది.

మార్చి 9, శనివారం, ఉదయం పదకొండుకి వన్ టౌన్ వెళ్ళాను, లోతు లేని మట్టి మూకుళ్ళు మూడు కావాలని. కొన్నాను. సంచిలో గడ్డి వేసి సర్దించుకున్నాను. వీధి చివరికి వచ్చి ఆటో ఆపాను.

“ఎక్కడికమ్మా?” అన్నాడు ఆటో అతను.

నేను నోరు తెరిచాను. మా పేట పేరు రాలేదు. మా అపార్టుమెంటు గేటు కళ్ళ ముందు ఉంది, దాని రంగు కనపడుతోంది, వాచ్‌మన్ కుర్చీ కనపడుతోంది. పేరు మాత్రం లేదు.

“అమ్మా, ఎక్కితే ఎక్కండి, లేపోతే దారివ్వండి. వెనకాల బండొస్తంది,” అన్నాడతను. నిజంగానే వెనక బస్తాల తోపుడుబండి ఆగిపోయింది. తోసేవాడు అరుస్తున్నాడు: “ముసలమ్మగారూ, బేరం తరవాత ఆడుకుందురు గాని, జరగండి!”

“బెంజి సర్కిల్,” అన్నాను. నోటికొచ్చిన పేరు అది. మా ఇల్లు అక్కడ కాదు.

కాలువ వంతెన ఎక్కుతుండగా మా పేట పేరు జ్ఞాపకం వచ్చింది, ఎక్కడికీ పోనట్టే. కానీ ఆటో అతనికి చెప్పడానికి సిగ్గేసింది. బెంజి సర్కిల్ దాకా వెళ్ళి దిగాను. ఫ్లైఓవర్ నీడలో మూకుళ్ళ సంచి గుండెలకు ఆనించుకుని నిలబడ్డాను. చుట్టూ బస్సులు, హారన్లు. మా పేట పేరు పైకి పదిసార్లు అనుకున్నాను. పక్కన బస్సు కోసం నిలబడ్డ ఒకామె రెండడుగులు దూరం జరిగింది. ఇంకో ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. ఆ తరవాత ఒంటరిగా బయటికి వెళ్ళలేదు. చిరునామా కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. అక్క జాకెట్టుకి నేను పిన్నుతో పెట్టిన కాగితం లాంటిదే.

మూడోది మార్చి 26, మంగళవారం. ఆ ఉదయం నోటుబుక్కులో ముందు పేజీ చూస్తే ఆదివారం నాటి పద్దులో 11 అంకె కొట్టేసి ఉంది. పైన 10 అని వేసి, పక్కన పొట్టి సంతకం చేసి ఉంది.

ఆఫీసులో ఒక నియమం ఉండేది. రిజిస్టరులో అంకె తప్పు పడితే చెరపకూడదు, దాని మీద ఇంకో అంకె దిద్దకూడదు. ఒక్క గీతతో కొట్టి, పైన సరైనది వేసి, దిద్దింది ఎవరో తెలిసేలా పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ముప్ఫై నాలుగేళ్ళు అలాగే చేశాను. ఈ దిద్దుబాటూ అలాగే ఉంది, ఏ ఆడిటరూ వేలెత్తి చూపలేనట్టు. బాల్కనీలోకి వెళ్ళి లెక్కపెట్టాను. కుండీలు పదకొండే ఉన్నాయి. ఎప్పుడూ పదకొండే. తప్పును దిద్దడం నాకు తెలుసు. ఒప్పును కొట్టేసి తప్పు వేసి దానికి సంతకం పెట్టాను, ఎప్పుడు పెట్టానో తెలియదు.

మధ్యాహ్నం తమ్ముడికి ఫోను చేశాను. మామూలుగా అడుగుదామనుకున్నాను.

“మొన్న ఆదివారం వచ్చినప్పుడు బాల్కనీలో కుండీ ఏమన్నా తీశావా?”

“నేనెందుకు తీస్తానక్కా? పాచి తీసుకెళ్ళి షాపులో అమ్ముకోనా?” అని నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు కూడా ఆగిపోయాడు. “ఏమైందక్కా? గొంతు అలా ఉందేంటి?”

చెప్పేశాను. ఫిబ్రవరి 12, మార్చి 9, మార్చి 26. తేదీలతో సహా. వాడు మధ్యలో ఒక్క జోకు కూడా వేయలేదు. అంతా విని, “డాక్టరుకి చూపిద్దాం,” అన్నాడు. “ఏం ఉండదులే” అని మాత్రం అనలేదు. వాడు కూడా అక్కకు తమ్ముడే.

ఏప్రిల్ 18, గురువారానికి అపాయింటుమెంటు దొరికింది. ఉదయం తొమ్మిదింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి. రక్త పరీక్షకు పరగడుపున రమ్మన్నారు. ఆరున్నరకి కుండీలకు నీళ్ళు పోశాను, రాశాను. హడావిడిలో కొబ్బరి పొట్టు డబ్బా చేయి తగిలి బాల్కనీ అంతా ఒలికింది. ఊడ్చే టైము లేదు. పనిమనిషి అప్పుడే వచ్చింది. తమ్ముడు పైకి వచ్చి నా ఫైలు తీసుకున్నాడు. తాళం పనిమనిషి చేతిలో పెట్టి, చెప్పాల్సింది చెప్పి, లిఫ్టు ఎక్కాను. చేతి గడియారం చూసుకున్నాను: 7.52.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ముందు తేదీ అడిగాడు.

“ఏప్రిల్ 18, గురువారం. పదీ నలభై అయింది. మీరు తొమ్మిదిన్నరకు చూస్తామన్నారు.”

“నన్నే దిద్దేట్టున్నారే మీరు!” అని నవ్వాడు. ఐదు పదాలు చెప్పి, గుర్తుపెట్టుకోండమ్మా, తరవాత అడుగుతాను అన్నాడు. వందలోంచి ఏడేడు తీసుకుంటూ రమ్మన్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అంటూ రెండు వరకూ వచ్చాను. “చాలమ్మా, చాలు, నేను ఐదుసార్లకే ఆపాలి,” అన్నాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు. గీశాను. రెండు ముళ్ళూ ఒకే పొడుగు వచ్చాయి. అది నేనూ చూశాను.

“ఇందాక చెప్పిన ఐదు పదాలు చెప్పండమ్మా.”

“గొడుగు,” అన్నాను. “నిమ్మకాయ.”

తరవాత ఏమీ లేదు. ఖాళీ కాదు, ఏదో ఉంది, దాని అంచు కూడా తగలడం లేదు. గోడ మీద ఫ్యాను చప్పుడు వినపడుతోంది. పక్కకు చూశాను. తమ్ముడి పెదవులు కదులుతున్నాయి. ఆ పదాలు వాడికి గుర్తున్నాయి, చిన్నప్పుడు బళ్ళో నేను వాడికి అందించినట్టు నాకు అందిస్తున్నాడు. వాడి పెదవులు చదవడానికి ప్రయత్నించాను, ఆ పని చేసినందుకు సిగ్గేసి తల దించుకున్నాను.

“ముప్ఫైకి ఇరవై ఆరు,” అన్నాడు డాక్టరు. “భయపడాల్సింది ఉందని చెప్పనమ్మా. లేదని కూడా ఇవాళ చెప్పలేను. రక్తంలో కొన్ని చూద్దాం. ఆరు నెలల తరవాత మళ్ళీ ఇదే పరీక్ష చేద్దాం.”

“పోయిన ఆ మూడు పదాలు ఏవి?” అని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. వింటే అవి నేను విన్నట్టు గుర్తొస్తుందో లేదో. గుర్తు రాకపోతే ఏం చేయను?

ఇంటికి చేరేసరికి ఒంటిగంటా పది. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తీయగానే బ్లీచింగ్ పౌడరు వాసన కొట్టింది. మా పనిమనిషి పై ఫ్లాటులో కూడా చేస్తుంది. లిఫ్టు చప్పుడు విని తాళం పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. తలుపు తీసి తనే ముందు నడిచింది, బాల్కనీ చూపించడానికి.

గచ్చు తెల్లగా ఉంది. పది కుండీలు పిట్టగోడ మీద వరసగా బోర్లించి ఉన్నాయి, లోపలా బయటా తోమి. చివర అక్క కల్వం. దాని గుంటలో నీళ్ళ చుక్క మెరుస్తోంది.

“చూశారా అమ్మగారూ, ఎట్టా మెరిసిపోతందో! రెండు గంటలు పట్టింది నాకు. ఆ ముంతల్లో అడుగుదాకా పట్టేసింది, పీచేసి తోమా. ఆ సీసాల్లో మురుగునీళ్ళు కూడా పారబోశా. చెత్తబండి కూడా వచ్చి పట్టుకెళ్ళిపోయింది.”

“ఎవరు తీయమన్నారు?” అన్నాను.

“మీరేగదండీ.”

“నేనా?”

“లిఫ్టు కాడ నుంచుని చెప్పలా? బాల్కనీలో పాచి మొత్తం తీసెయ్, ఏం ఉంచొద్దు అని. రెండోసారి కూడా చెప్పారు.” నా మొహం చూసి తన గొంతు తగ్గింది. “ఆస్పత్రికెళ్తున్నారు గదా, కాలు జారి పడతారని మీకే భయమేసి తీసెయ్యమన్నారనుకున్నా. మంచి పనే అనుకున్నా.”

నేను పీట మీద కూర్చున్నాను. కుండీలు పోయినందుకు కాదు. ఆ మాట నేను అన్నానా?

తమ్ముడు ముందుకొచ్చాడు. “అట్లా ఎందుకంటుందమ్మా? నేను పక్కనే ఉన్నా, విన్నాను. పొట్టు ఒలికింది, పాచిపని మొత్తం చేసెయ్, బాల్కనీ కూడా ఊడ్చెయ్ అంది. పాచిపని అంది. నువ్వు పాచి అని విన్నావు. అంతే.”

నాకు ప్రాణం లేచొచ్చింది. అవును. పాచిపని. రోజూ అనే మాట. ఒక్క ముక్క వినపడకపోతే ఎవరైనా అలాగే చేస్తారు. తప్పు నాది కాదు, ఆ అమ్మాయిదీ కాదు, మాటది. ఆ కాసేపట్లో పదకొండు కుండీలు పోయినా ఫరవాలేదనిపించింది.

“మీరెక్కడున్నారండీ అప్పుడు?” అంది పనిమనిషి. “కారు తీస్తానని మెట్లమీంచి ముందే దిగిపోయారు గదా.”

తమ్ముడు కారు తాళాల గుత్తి వైపు చూసుకున్నాడు. ఆ అమ్మాయి వాడి మొహం చూసింది, నా మొహం చూసింది. ఏదో అర్థమైనట్టు కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నేనే పొరపాటున విన్నానేమోలెండి అమ్మగారూ,” అంది మెల్లగా.

ఆ మాట నాకు తెలుసు. అక్క అన్నం తిన్న పది నిమిషాలకు “నాకు అన్నం పెట్టలేదు” అంటే, “నేనే మరిచిపోయానక్కా” అనేదాన్ని. అన్నమాట అనలేదంటే, “నేనే పొరపాటున విన్నాను” అనేదాన్ని. అదే మాట, అదే గొంతు. మూడు సంవత్సరాల తొమ్మిది నెలలు ఈ ఇంట్లో అంట్లు తోముతూ ఆ అమ్మాయి వింది. నా దగ్గరే నేర్చుకుంది.

“నువ్వు సరిగ్గానే విన్నావులే,” అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. తాళం ఇచ్చే ముందు పొట్టు ఒలకడం గుర్తుంది. ఫైలు గుర్తుంది. గడియారంలో 7.52 గుర్తుంది. తన కళ్ళలోకి చూస్తూ నా నోరు కదలడం గుర్తుంది. మాటలు లేవు. నేను నాచు అంటాను, పాచి అనను. అదొక్కటే ఆధారం అనుకున్నాను. కానీ నాచు అనడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. అంతకు ముందు ముప్ఫై నాలుగేళ్ళు ఫోనులో రోజూ అన్నది పాచి అనే.

పనిమనిషి వెళ్ళిపోయింది. తమ్ముడు ఒక ముంత తిప్పి లోపల చూశాడు. చెరిపేసినట్టు శుభ్రంగా ఉంది.

“బాధపడకక్కా. మళ్ళీ పెడదాం. ఏలూరు కాలువ గట్టు మీద ఎంత కావాలంటే అంత నాచుంది.”

ఎగతాళి లేకుండా నాచు అన్నాడు. తొమ్మిది నెలల్లో మొదటిసారి. ఒరే, పాచి అనరా, అని అడగాలనిపించింది. అడగలేకపోయాను. వాడు నన్ను ఉడికించడం మానేశాడు. డాక్టరు ముప్ఫైకి ఇరవై ఆరు అన్నప్పటి కన్నా అప్పుడే ఎక్కువ భయం వేసింది.

వాడు భోజనం తెస్తానని కిందికి వెళ్ళాక నోటుబుక్కు తెరిచి రాశాను. అంకెలు కుదురుగానే వచ్చాయి. ఆ పద్దు ఇది.

2024 ఏప్రిల్ 18, గురువారం, మధ్యాహ్నం 1.50. పోయినవి:

ఏసీ గొట్టం కింది నాచు, మూడు కుండీలు, 279 రోజులది.

ఏలూరు కాలువ గట్టుది, నాలుగు కుండీలు, 242 రోజులది.

ఇబ్రహీంపట్నం ప్రహరీది, రెండు కుండీలు, 193 రోజులది.

వన్ టౌన్ గోదాం చూరు కిందిది, ఒక కుండీ, 159 రోజులది.

కల్వంలో దానంతట వచ్చింది, కనపడ్డ రోజు నుంచి 137 రోజులది.

ఏసీ నీళ్ళు, రెండు సీసాల్లో 1,780 మిల్లీలీటర్లు.

7.52కి లిఫ్టు దగ్గర నేను అన్న మాట, ఒకటి.

పదాలు, మూడు. ఏవో తెలియదు.